దూరమున నిలిచిన కృతజ్ఞత

పాఠభాగములు: లూకా 17:11–19, ఫిలిప్పీయులకు 2:25–30, ప్రసంగి 9:13–16



ఈ మాసపు పాఠమునకు మా సంఘములో పుట్టిన ఒక చిన్న తగవును మొదట మీ యెదుట పెట్టుచున్నాము. అక్టోబరు 18వ తేదీ వైద్యుడైన పరిశుద్ధ లూకా దినము. దానికి దగ్గరి ఆదివారమున మా గ్రామములోను చుట్టుపట్ల పల్లెలలోను పనిచేయు నర్సులను, ఏఎన్‌ఎమ్‌లను, ఆశా కార్యకర్తలను, ఆస్పత్రి ఊడ్చి తుడుచువారిని గుడికి పిలిచి కృతజ్ఞతారాధన జరుపవలెనని స్త్రీల సమాజమువారు తీర్మానించిరి. తలకొక శాలువా, ఒక పూలమాల, ఆరాధన పిమ్మట భోజనము. ఇదియే వారి ఏర్పాటు.

సంగతి కమిటీలోనికి వచ్చినప్పుడు సగము మంది సంతోషించిరి. తక్కినవారు మాటలాడక కూర్చుండిరి. తుదకు ఒక పెద్ద లేచి, “అయ్యగారూ, శాలువా కప్పి ఫొటో తీసి పంపిస్తే వాళ్ల కడుపు నిండుద్దా? ఆ కరోనా రోజుల్లో కంచాలు కొట్టాం. ఏం ఒరిగింది వాళ్లకి?” అని అడిగెను. స్త్రీల సమాజపు తల్లి ఒకామె, “ఏమీ ఇవ్వలేనోళ్లం మంచి మాటైనా చెప్పకూడదా అన్నా? దానికీ తప్పేనా?” అనెను. ఆ రాత్రి కమిటీ ఏ తీర్మానమును లేకయే ముగిసెను.

ఇంటికి వచ్చి మేము చాలసేపు ఆలోచించితిమి. ఇద్దరి మాటలోను నిజమున్నది. పదిమంది కూడి వైద్యసేవకులకు వందనము చెప్పుట మంచిదా, లేక అది వట్టి శబ్దమా? ఈ ప్రశ్న మా కమిటీకి మాత్రమే వచ్చినది కాదు. లోకమంతయు ఒకప్పుడు దీనిని గూర్చి తర్కించినది. కనుక మొదట జరిగిన సంగతులను జ్ఞాపకము చేసికొని, తరువాత వాక్యమును చూతము.

1. జరిగిన సంగతులు

2020 మార్చి 22 ఆదివారము. ఆ దినమున ఉదయము 7 గంటలు మొదలుకొని రాత్రి 9 గంటల వరకు ఎవరును ఇల్లు కదలరాదనియు, సాయంకాలము 5 గంటలకు ఐదు నిమిషములు వాకిళ్లలో నిలిచి, చప్పట్లు కొట్టియో కంచములు మోగించియో వైద్యసేవకులకును తక్కిన అత్యవసర సేవకులకును కృతజ్ఞత తెలుపవలెననియు ప్రధానమంత్రి దేశమును కోరియుండెను. మా సేవాకాలములో ఆదివారపు ఆరాధన లేకుండుట అదే మొదటిసారి. సాయంకాలము ఐదు కాగానే మా వీధిలో గరిటెలు, కంచములు, బిందెలు మోగినవి. గుడి బంట్రోతు మమ్మును అడుగకయే గంట కొట్టెను. మేమును గుమ్మములో నిలిచి చప్పట్లు కొట్టితిమి. పొరుగింటి ముసలమ్మ, కొడుకు పరదేశములో నున్నందున ఒంటరిగా నుండునది, ఆ ధ్వని విని కన్నీరు విడిచినది. కొన్ని పట్టణములలో మాత్రము జనులు గుంపులుగా వీధులలోనికి వచ్చి ఊరేగిరి. దూరముగా నుండుడని చెప్పిన దినముననే వారు ఒకరినొకరు త్రోసికొనిరి.

ఇటువంటివి ఇతర దేశములలోను జరిగెను. అదే మార్చి మాసములో ఇటలీ, స్పెయిను దేశముల జనులు మేడలమీద నిలిచి చప్పట్లు కొట్టిరి. ఇంగ్లాండులో మార్చి 26 మొదలుకొని ప్రతి గురువారము రాత్రి 8 గంటలకు పది వారములు ఈ ఆచారము సాగెను. దానిని మొదలుపెట్టినది లండనులో నివసించు ఒక డచ్చి దేశపు స్త్రీ. మే 28న జరిగిన పదవ వారముతో దీనిని చాలించుట మేలనియు, ఇది రాజకీయములలో చిక్కుకొనుచున్నదనియు ఆమెయే చెప్పినది. 2021 జనవరిలో తిరిగి మొదలుపెట్టబోగా మునుపటి స్పందన లేకపోయెను. ఆమెను దూషించినవారు సహితము ఉండిరి. ఆమె తప్పుకొనినది.

అక్కడి నర్సులలోను ఒకే అభిప్రాయము లేదు. పని ముగించుకొని ఇంటికి పోవుచుండగా వీధి యంతయు తమకొరకు నిలిచియుండుట చూచి ఏడ్చినవారు కలరు. మాకు చప్పట్లు వద్దు, వ్యాధి అంటకుండ కాపాడు దుస్తులిండు, చాలినంత జీతమిండు అనినవారును కలరు. 2021 మార్చిలో అక్కడి ప్రభుత్వము నూటికి 1 వంతు జీతపు పెంపును ప్రతిపాదించినప్పుడు, ఇదియా మీ చప్పట్ల వెల అని వారు కోపగించిరి. జూలైలో అది నూటికి 3 వంతులాయెను.

మన దేశమునకు తిరిగి వత్తము. కంచములు మోగిన రెండు దినములకే, అనగా మార్చి 24న, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ రెసిడెంటు డాక్టర్ల సంఘము హోంమంత్రికి లేఖ వ్రాసెను. ఇంటి యజమానులు డాక్టర్లను, నర్సులను అద్దె యిండ్లనుండి వెళ్లగొట్టుచున్నారనుట దాని సారాంశము. ఏప్రిల్ 19న చెన్నై నగరములో ఈ వ్యాధిచేత మరణించిన ఒక వైద్యుని సమాధి చేయబోగా జనులు అడ్డగించి, శవము తెచ్చిన వారిని రాళ్లతో కొట్టిరి. ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును సవరించి ఆర్డినెన్సు తెచ్చెను. వైద్యసేవకులకు తీవ్రమైన గాయము చేసినవారికి 7 సంవత్సరముల వరకు చెరయు, 5 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చునని అందు గలదు. చదువరులారా, ఈ తేదీలను గమనించుడి. వారికొరకు చప్పట్లు కొట్టిన సరిగా ఒక నెలకు, వారిని కొట్టవద్దని చట్టము చేయవలసి వచ్చెను!

న్యాయముగా మరియొకటియు చెప్పవలెను. మార్చి మాసాంతమునుండియే వైద్యసేవకులకు 50 లక్షల రూపాయల ప్రమాద బీమాను కేంద్ర ప్రభుత్వము ఏర్పరచెను. మే 3న సైన్యమువారు విమానములలో వచ్చి ఆస్పత్రులమీద పూలు చల్లిరి. వాద్యములు మోగించిరి. ఆ పూలు చూచి ధైర్యము తెచ్చుకొనినవారు ఉండిరి. మాస్కులు చాలని చోట పూలెందుకనినవారును ఉండిరి.

మన గ్రామములలో గడపగడపకు తిరిగినవారు ఆశా కార్యకర్తలు. 2005లో ఈ ఏర్పాటు మొదలైనది. దేశములో వీరు దాదాపు 10 లక్షల మంది స్త్రీలు. వీరిని ఉద్యోగులని కాక స్వచ్ఛంద సేవికలని పిలుతురు. కనుక వీరికి వచ్చునది జీతము కాదు, పారితోషికము. 2020 ఆగస్టులో వీరు దేశవ్యాప్తముగా సమ్మె చేసి, కాపుదల సామగ్రియు న్యాయమైన జీతమును అడిగిరి. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరిని గొప్ప పురస్కారముతో ఘనపరచెను. పురస్కారము వచ్చెను గాని స్వచ్ఛంద సేవికలను పేరు మాత్రము తొలగలేదు.

2. మా తప్పిదము

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిమి. ఇక మా సంగతి చెప్పకపోయిన యెడల ఈ పాఠము వ్రాయుటకు మాకు హక్కు లేదు.

మా సంఘపు బిడ్డ యొకతె పట్టణములోని ఒక ఆస్పత్రిలో నర్సు. తండ్రి లేడు. తల్లి ఇచ్చట ఉన్నది. ఆ ఏప్రిల్‌లో ఆ బిడ్డ కరోనా వార్డులో పనిచేసి, నియమము ప్రకారము పదునాలుగు దినములు వేరుగా నుండి, పరీక్షలో వ్యాధి లేదని తేలిన తరువాతనే ఊరికి వచ్చినది. వచ్చుసరికి వారి వీధి మొదట తుమ్మకంప అడ్డము వేసియుండెను. వేసినవారు పరాయివారు కారు. మార్చి 22న కంచములు మోగించినవారే. వారిలో మా సంఘస్థులును ఉండిరి.

ఆమె కంప తప్పించుకొని చుట్టు తిరిగి, ఇంటికి పోకమునుపు మా యింటి గేటు యొద్దకు వచ్చినది. చేతిలో రెండు నెలల దశమభాగపు కవరు ఉండెను. మేము వరండాలోనే నిలిచి, “అక్కడ అరుగుమీద పెట్టి వెళ్లమ్మా” అంటిమి. దూరముగా నిలుచుట ఆనాటి నియమమే. దానిని గూర్చి మేము దోషము ఒప్పుకొనుట లేదు. అయితే, భోజనము చేసితివా తల్లీ అని అడుగలేదు. ఎట్లున్నావని అడుగలేదు. దూరమునుండి ప్రార్థించుటకు ఏ నియమమును అడ్డము రాలేదు, అయినను ప్రార్థింపలేదు. ఆమె ఎప్పుడు పోవునా అని చూచితిమి. ఆమె పోయిన పిమ్మట ఆ కవరును మూడు దినములు ఎండలో ఉంచితిమి. ఆమె తల్లిని కుళాయి యొద్దకు రావద్దని వీధివారు చెప్పినట్లు మరునాడు వింటిమి. విని ఊరకుంటిమి. కంప తీయుడని ఒక మాట అనియున్న యెడల తీసెడివారు. కాపరి మాట ఇంకను కొంత చెల్లు ఊరు మాది. ఆ ఒక్క మాట మేము అనలేదు.

చాల కాలము తరువాత ఆమెను క్షమాపణ అడిగితిమి. ఆమె చెప్పిన మాటలను ఆమె సెలవు తీసికొని ఇచ్చట వ్రాయుచున్నాము. “అయ్యగారూ, ఆ సాయంత్రం చప్పట్లు ఆస్పత్రి కిటికీలోంచి విన్నానండీ. మమ్మల్ని తలుచుకుంటున్నారు గదా అని ఏడుపొచ్చింది. నెల తిరిగాక ఊరొచ్చి ఆ కంప చూసినప్పుడు కూడా ఏడుపొచ్చింది. అవే చేతులు కదండీ. అమ్మని కుళాయి కాడికి రానీలేదు చూడండీ, అదొక్కటే మర్చిపోలేకపోతున్నా.” క్షమించితినని ఆమె చెప్పలేదు. క్షమించలేదనియు చెప్పలేదు. మేమును తొందరపెట్టలేదు.

3. పదిమంది కుష్ఠరోగులు

ఇప్పుడు లూకా 17వ అధ్యాయము తెరువుడి. ఈ కథ మీలో చిన్నపిల్లలకు సహితము తెలియును. పదిమంది బాగుపడిరి, ఒక్కడే తిరిగి వచ్చెను, వాడును సమరయుడు. సాధారణముగా మనము ఆ తొమ్మండుగురిని నిందించి పాఠము ముగింతుము. కొంచెము నిదానముగా చదువుదము.

మొదటిది, 12వ వచనము. ఆ పదిమంది దూరమున నిలిచిరి. ధర్మశాస్త్రపు కట్టడనుబట్టి అట్లు నిలువవలసినవారే. ఎలుగెత్తి అడుగుటకు దూరము అడ్డము కాలేదు. వారి మొర విని కరుణించుటకు ప్రభువునకును అడ్డము కాలేదు. కనుక దూరముగా నిలుచుట దానంతట అది పాపము కాదు.

రెండవది, 15వ వచనము. ఆ సమరయుడు మెల్లగా, ఎవరికిని వినబడకుండ వందనము చెప్పలేదు. గొప్ప శబ్దము చేసెను. ప్రభువు ఆ శబ్దమును గద్దింపలేదు. కృతజ్ఞత బహిరంగముగాను బిగ్గరగాను ఉండవచ్చును. కనుక, “మౌనముగా మేలు చేసిన చాలును, ఈ ఆర్భాటమెందుకు?” అనువారు ఈ వచనమును తలంచుకొనవలెను.

మూడవది, 16వ వచనము. ఇదియే ఈ పాఠమునకు మూలము. వాడు పాదములయొద్దకు వచ్చెను. మొదట దూరమున నిలిచినవాడు ఇప్పుడు దగ్గరకు వచ్చెను. తక్కిన తొమ్మండుగురు సంతోషింపలేదని లేఖనము చెప్పుట లేదు. యాజకుల యొద్దకు పొమ్మనిన ఆజ్ఞను వారు శిరసావహించిరి. బహుశః తమ యిండ్లలో పాటలు పాడియుందురు, బంధువులను పిలిచి విందు చేసియుందురు. వారికిని ఆయనకును నడుమనున్న దూరము మాత్రము తరుగలేదు. సమరయునికి ఆ దూరము తరిగెను.

చప్పట్ల విషయములో మనస్సు రెండుగా చీలుటకు కారణము ఇదియేనని మాకు తోచుచున్నది. మేడమీద నిలిచి కొట్టిన చప్పట్లు దూరపు వందనము. దూరముగా నుండవలసిన దినములలో అంతకంటె చేయలేకపోతిమి. అది సత్యమే. అయితే ఆ దినములు గడచిన పిమ్మట మనము దగ్గరకు పోయితిమా?

4. జీతమును కృతజ్ఞతయు

మా పెద్ద అడిగిన ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చలికి వణకుచు ఆకలిగొనియున్న సహోదరునితో చల్లగా పొమ్మని మాత్రము చెప్పి పంపుట నిష్ప్రయోజనమని యాకోబు 2వ అధ్యాయములో వ్రాసెను. నాలుకతో మాత్రమే కాక క్రియతో ప్రేమింపవలెనని యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయము బోధించుచున్నది. పెదవులు దగ్గరగాను హృదయము దూరముగాను ఉండు ఆరాధనను యెషయా 29వ అధ్యాయములో దేవుడు నిరాకరించెను. పెదవులకు నిజమైనది చేతులకును నిజమే.

అయినను మాట వట్టిదని లేఖనము ఎక్కడను చెప్పుట లేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములో పౌలు, తనకొరకు ప్రాణమునకు తెగించిన ప్రిస్కిల్ల అకులలకు తానును అన్యజనుల సంఘములన్నియు కృతజ్ఞతతో ఉన్నామని వ్రాసెను. పౌలు యొద్ద వెండి లేదు. అతడు ఇయ్యగలిగినది మాటయే. ఆ మాట సంఘములన్నిటిలో చదువబడునట్లు బహిరంగముగా వ్రాసెను. దానిని వట్టి మాట అని ఎవరందురు? మా స్త్రీల సమాజపు తల్లి చెప్పినదియు ఇదియే.

మరి భేదమెక్కడ? రోమీయులకు 4:4 చూడుడి. పనిచేయువానికి జీతము ఋణము గాని దానము కాదు. కృతజ్ఞతయైతే దానము వంటిది. మనస్సు పొంగి ఇచ్చునది. ఋణమున్నచోట దానమిచ్చి ఋణము తీరినదనుట మోసము. మన పొలములో కోత కోసిన కూలికి సాయంకాలము కూలి ఇయ్యక, మెడలో పూలదండ వేసి పంపిన యెడల వాడేమనును? దండ మంచిదే, కూలి ఏదయ్యా అనును. కోత కోసినవారికి పట్టియుంచిన కూలి మొరపెట్టుచున్నదని యాకోబు 5:4 చెప్పుచున్నది.

కాబట్టి చప్పట్లు ఎవరు కొట్టుచున్నారనునది చూడవలెను. ఇచ్చుటకు ఏమియు లేని ముసలమ్మ కంచము మోగించిన యెడల అది విధవరాలి రెండు కాసుల వంటిది. జీతము ఇయ్యవలసిన బాధ్యత ఎవనిదో వాడు జీతమునకు బదులుగా చప్పట్లు కొట్టిన యెడల అది వేరు. ఏ దేశపు ప్రభుత్వమైనను, ఏ ఆస్పత్రి యజమానియైనను, మిషను ఆస్పత్రులు నడుపు మన సంఘములైనను ఈ కొలతకు లోబడవలసినవే. ఇది పరిచర్య గదా అని చెప్పి నర్సుకు తక్కువ జీతమిచ్చు అలవాటు మనలోను ఉన్నది. ముందు మన దూలమును చూచుకొందము.

5. ఎపఫ్రొదితును పౌలు ఎట్లు ఘనపరచెను?

ఫిలిప్పీ సంఘమువారు చెరసాలలోనున్న పౌలునకు కానుకలు పంపి, అతనికి ఉపచారము చేయుటకు ఎపఫ్రొదితును పంపిరి. అతడు అక్కడ వ్యాధిపడి చావుకు సిద్ధమాయెను. దేవుడు కనికరించి బ్రదికించెను. ప్రాణమునకు తెగించెనని పౌలు అతని గూర్చి చెప్పుటకు వాడిన గ్రీకు మాటకు, పందెములో ప్రాణమును ఒడ్డుట వంటి భావము గలదు. తరువాతి కాలమున అలెక్సంద్రియలో రోగులకు ఉపచారము చేసినవారికి ఆ మాట మూలముననే పరబోలానులని పేరు వచ్చెను. ఇట్టివారిని గౌరవింపవలెనని పౌలు స్పష్టముగా ఆజ్ఞాపించుచున్నాడు. కనుక వైద్యసేవకులను సంఘము ఘనపరచుట ఇష్టమున్న చేయునది, లేకున్న మానునది కాదు.

అయితే పౌలు ఘనపరచిన విధము చూడుడి. ఎపఫ్రొదితు వీరుడు, వానికి అలసట లేదు, భయము లేదు అని వ్రాయలేదు. అతడు రోగియాయెననియు, ఇంటిమీద బెంగపెట్టుకొనెననియు, తన సంగతి మీరు విని దుఃఖించితిరని అతడు కలవరపడెననియు దాచక వ్రాసెను. అటుపిమ్మట అతనిని ఇంటికి పంపెను. మనకైన యెడల మెడలో దండ వేసి ఇంకొక ఆరునెలలు పనిచేయుమని చెప్పుట సులభము. పౌలు సెలవిచ్చెను. కరోనా దినములలో మనము వైద్యసేవకులను యోధులంటిమి, దేవుళ్లంటిమి. దేవుళ్లకు ఆకలి వేయదని తలంచితిమి కాబోలు. వారిలో ఒకరు, “మేము మనుష్యులమండీ, మాకును పిల్లలున్నారు” అన్నప్పుడు మనకు వినబడలేదు.

6. పేరు మరువకుండుట

ప్రసంగి 9వ అధ్యాయములో ఒక చిన్న పట్టణపు కథ గలదు. గొప్ప రాజు ముట్టడి వేయగా ఒక బీదవాడు తన జ్ఞానముచేత పట్టణమును రక్షించెను. అటుపిమ్మట వానిని ఎవరును జ్ఞాపకముంచుకొనలేదు. ఈ కథ చదివినప్పుడెల్ల మాకు ఒక సంగతి మనస్సులో మెదలును. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వము ఇచ్చిన లెక్క ప్రకారము అప్పటికి ఈ వ్యాధిచేత మరణించిన వైద్యులు 162 మంది, నర్సులు 107 మంది, ఆశా కార్యకర్తలు 44 మంది. అది విని భారత వైద్య సంఘమువారు, మా లెక్కలో వైద్యులే 734 మంది అని చెప్పిరి. చప్పట్లు కొట్టిన దేశమునకు చనిపోయినవారి లెక్క ఒక్కటిగా లేకపోయెను. లెక్క పెట్టుటయు కృతజ్ఞతయే. పేరు వ్రాసి పెట్టుటయు కృతజ్ఞతయే.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో శిశువులను చంపుమనిన రాజు పేరు మోషే వ్రాయలేదు. అతడు ఏ ఫరోయో నేటికిని పండితులు తర్కించుచున్నారు. శిశువులను బ్రదికించిన మంత్రసానుల పేర్లు మాత్రము వ్రాసెను: షిఫ్రా, పూయా. దేవుడు వారికి మేలు చేసి వారి కుటుంబములను నిలిపెనని అక్కడ గలదు. మాటయు క్రియయు రెండును అక్కడ కనబడుచున్నవి.

మన తెలుగు దేశములోను దీనికి సాక్ష్యము లేకపోలేదు. డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చి, స్త్రీలకును పిల్లలకును వైద్యము చేసి, ఆస్పత్రి కట్టించి, 1930లో ఆ ఊరనే కన్ను మూసిరి. ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞుడైన ఏలూరు జమీందారుగారు ఆస్పత్రి యెదుట రోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించిరి. ఆయన హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఆయన పొగడ్తతో తృప్తిపడలేదు. ఆస్పత్రికి వచ్చువారి అవసరమేమో దగ్గరనుండి చూచి, దానికి తగినది చేసిరి. లూకా వ్రాసిన సమరయుడు మాకు ఇచ్చట కనబడుచున్నాడు.

7. మా కమిటీ ఏమి తీర్మానించెను?

రెండవమారు కమిటీ కూడకమునుపు మేము మా గ్రామపు ఆశా కార్యకర్త యింటికి పోయితిమి. “అమ్మా, మా సంఘము నీకు వందనము చెప్పవలెనని యున్నది. నీకేమి కావలెనో నిన్నే అడుగ వచ్చితిమి” అంటిమి. ఆమె మొదట నవ్వినది. తరువాత, “అయ్యగారూ, శాలువా ఇస్తే కాదనను. ఇంతవరకు నాకెవరూ కప్పలేదు. కానీ టీకాల రోజున చెట్టుకింద కూర్చుంటున్నామండీ, పసిపిల్లలు ఎండకి అల్లాడతన్నారు. అర్ధరాత్రి కాన్పు కేసుతో పోతే తిరిగి రావడానికి తోడుండరు. రెండు నెలల డబ్బులు రాలేదు, కాగితం రాస్తే సంతకం పెట్టేవాళ్లు లేరు” అనినది.

మేము ఈ మాటలను కమిటీకి ఉన్నవి ఉన్నట్లుగా చదివి వినిపించితిమి. తీర్మానము ఇది: ఆరాధన జరుగును, శాలువాలును కప్పుదుము. నెలనెలా టీకాల దినమున గుడి హాలు తెరచి, పంకాలు వేసి, త్రాగునీరు పెట్టి, మరుగుదొడ్డి తాళపుచెవి ఏఎన్‌ఎమ్‌గారి చేతికి ఇత్తుము. రాత్రివేళ కాన్పునకు తోడుపోయిన ఆశా కార్యకర్తను ఇల్లు చేర్చుటకు యౌవనులు వంతులు వేసికొందురు. బకాయి సొమ్మును గూర్చిన అర్జీమీద మొదటి సంతకము సంఘకాపరిది. మొదట ఎదురాడిన పెద్ద ఇంకను పూర్తిగా సమాధానపడలేదు. “చూద్దాంలెండి, ఆర్నెల్ల తర్వాత హాలు తెరిచే ఉంటదో లేదో” అనెను. అయినను తన ఆటో నంబరును వంతుల పట్టికలో మొదట వ్రాయించెను. ఆయన సందేహము మాకు కాపలాగా ఉండుట మంచిదే.

ఇక ఒకటి మిగిలినది. ఆ ఆరాధనలో శాలువాలు కప్పకమునుపు, తుమ్మకంప సంగతిని కుళాయి సంగతిని మేము సంఘము యెదుట ఒప్పుకొందుము. సంఘము పక్షముగా కాక మొదట మా పక్షముగానే ఒప్పుకొందుము. బలిపీఠమునొద్ద అర్పణ విడిచి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో చెప్పలేదా? ఆ నర్సమ్మను ఆమె తల్లిని ఆహ్వానించుటకు వారి యింటికి మేమే నడచి పోయితిమి. అరుగుమీద కూర్చుంటిమి. తల్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చినది. త్రాగితిమి. అవి ఆ కుళాయి నీళ్లే. వత్తురో రారో వారు ఇంకను చెప్పలేదు. రాకపోయినను ఒప్పుకోలు జరుగును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. తొమ్మండుగురు చేసినది ఏమి? చేయనిది ఏమి?
2. మీ ఊరిలో వైద్యసేవ చేయువారి పేర్లు మీకు ఎన్ని తెలియును? ఆస్పత్రి ఊడ్చువారి పేరు తెలియునా?
3. మీరు ఎవరికైన జీతము బాకీయుండి మంచి మాటతో సరిపెట్టుచున్నారా?
4. 2020లో మీ వీధి మొదట కంప ఉండెనా? దానిని తీసినవారెవరు?

ప్రార్థన: పరమ వైద్యుడవైన ప్రభువా, దూరమున నిలిచి నిన్ను పిలిచినప్పుడు మా మొర వింటివి. మాకొరకు ప్రాణమునకు తెగించినవారి దగ్గరకు పోవుటకు మాకు కాళ్లు నిమ్ము. మా చేతులు చేసిన శబ్దమునకు తగిన పనిని మా చేతులతోనే చేయించుము. ఆమేన్.